భద్రత ఎవరికి?

ఎడపల్లిలో బీడీలు చేసే స్త్రీలతో మాట్లాడుతుంటే డిగ్రీ చదివే ఒకమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. ఉగ్రవాద నిరోధక విభాగంలో చేరాలని, ఎప్పటికైనా దేశభద్రత విధానాలు తయారయ్యే చోట పనిచేయాలని ఆమె కోరిక. "గా నౌకరి జేస్తె తప్పయితదా మేడం?" అంది. ఎన్‌కౌంటర్ వార్తల మధ్య పెరిగిన నాకు వెంటనే జవాబు తోచలేదు.

2007 సంవత్సరాన్నే తీసుకుందాం. ఆగస్టు 20న అప్పటి విశాఖ జిల్లా వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ స్త్రీలు చెప్పారు. అయిదు రోజులకు హైదరాబాద్‌లో లుంబినీ పార్కు, గోకుల్ చాట్ దగ్గర బాంబులు పేలి 40 మందికి పైగా చనిపోయారు. ఆ బాంబులు నిజం. వాటిని ఆపే సమర్థులు కావాలన్నదీ నిజం. కానీ వాకపల్లి స్త్రీల భద్రత దేశభద్రత లెక్కలోకి రాలేదు. పదిహేనేళ్ళు దాటాక, 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుపట్టి, ఆ స్త్రీలకు పరిహారం ఇమ్మంది.

అదే ఏడాది మే 18న మక్కా మసీదు పేలుడు జరిగింది. ఆ తర్వాత పట్టుకెళ్ళిన ముస్లిం యువకులు నిర్దోషులని తేలి, 2012లో ప్రభుత్వమే పరిహారం ప్రకటించాల్సి వచ్చింది. అమాయకుల్ని పట్టుకోవడం హక్కుల ఉల్లంఘన మాత్రమే కాదు, భద్రతా వైఫల్యం కూడా. అసలు నేరస్థులు బయటే ఉంటారు. జైలు గేటు దగ్గర, వకీలు ఇంటి ముందు ఏళ్ళ తరబడి తిరిగేది తల్లులూ భార్యలూ.

మరి స్త్రీలు లోపలికి వెళ్తే ఇదంతా మారుతుందా? 2014లో ఆంధ్రప్రదేశ్ కేడర్ అధికారి అరుణా బహుగుణ హైదరాబాద్‌లోని జాతీయ పోలీసు అకాడమీకి తొలి మహిళా డైరెక్టరయ్యారు. దారి తెరుచుకుంది, సంతోషమే. కానీ జవాబుదారీతనం లేని వ్యవస్థలో స్త్రీ కూడా ఆ వ్యవస్థ భాషే మాట్లాడాల్సి వస్తుంది. పోలీసులపై ఫిర్యాదులు వినడానికి స్వతంత్ర సంస్థలు పెట్టాలని సుప్రీంకోర్టు 2006లోనే ఆదేశించింది. సాయుధ బలగాల లైంగిక హింసను మామూలు క్రిమినల్ చట్టం కిందికి తేవాలని జస్టిస్ వర్మ కమిటీ 2013లో చెప్పింది. వీటిని పట్టించుకోకుండా "మహిళా సాధికారత" అని ఫొటోలు వేసుకుంటే ఏం లాభం?

ఆ అమ్మాయితో చివరికి ఇలా అన్నాను: "తప్పు కాదమ్మా, వెళ్ళు. విధానం రాసే బల్ల దగ్గరికి చేరిన రోజు వాకపల్లి ఫైలు కూడా తెరిపించు. మీ అమ్మ దేనికి భయపడుతుందో కూడా అడిగి వెళ్ళు."

ఆ ప్రశ్న వేసిన రోజు ఆమె లోపల ఒంటరిదవుతుంది. అప్పుడు బయట ఆమె వెనుక మనం నిలబడతామా, లేక "పోలీసుల మనిషి" అని తలుపు వేసేస్తామా? ఈ జవాబు మాత్రం మనం చెప్పాలి.