క్యాజువాల్టీలో నర్సు చేతులు

రాత్రి రెండుగంటల వేళ, రహదారి ప్రమాదమున గాయపడిన యువకుని 108 వాహనము పెద్దాసుపత్రిలో దింపిపోగా, ఒకచేత గాయమును అదిమిపట్టి, వేరొకచేత సెలైను ఎక్కించుటకు నరము వెదకుచున్న నర్సునే, ఆక్సిజన్ సిలిండరు తాళము ఏదని డాక్టరుగారును, స్ట్రెచరు తోయువారు లేరేమని బంధువులును, ‘సిస్టర్, కేసుషీటు రాసినారా’ యని మరియొకరును అడుగుచుందురు. చికిత్సకు జాప్యమైనదని మరునాడు మెమో వచ్చునదియు ఆమె పేరిటనే.

నర్సుల పనితీరు ప్రస్తావనకు వచ్చినప్పుడెల్ల వారికి ఓర్పు చాలదనియు, శిక్షణ చాలదనియు చెప్పుట అధికారులకు పరిపాటియైనది. శిక్షణ వలదని ఎవరనగలరు? కాని, నేర్చిన విద్యను ప్రయోగించుటకు వలసిన ఆ నాలుగు నిమిషములను గుమాస్తా పనియు, వార్డుబాయి పనియు హరించుచున్నప్పుడు, మరియొక శిక్షణా తరగతి వలన ఒనగూడు ప్రయోజనము స్వల్పము. (ఆ తరగతికి నైట్‌డ్యూటీ దిగినవారినే కూర్చుండబెట్టుటయు కలదు.)

అసలు చిక్కు లెక్కకట్టు పద్ధతిలోనే ఉన్నది. బోధనాసుపత్రి వార్డులలో ముగ్గురు రోగులకు ఒక నర్సును, సామాన్యాసుపత్రులలో ఐదుగురికి ఒకరిని, సెలవుల నిమిత్తము మరి 30 శాతము మందిని నియమింపవలెనని భారత నర్సింగ్ మండలి ప్రమాణము. అది కాగితము దాటి వచ్చుటయే అరుదు. వచ్చినను, మంచములను లెక్కించి సిబ్బందిని కేటాయించు రీతి క్యాజువాల్టీకి పొసగదు. ఏలనన అచ్చట మంచములు పదియే యున్నను వచ్చువారికి హద్దు లేదు, వచ్చినవారిని పొమ్మను అధికారము నర్సుకు లేదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, అత్యవసర విభాగములో ఒక నర్సుకు నలుగురికి మించి రోగులను అప్పగింపరాదను నియమము 2004 నుండి అమలులో ఉన్నది. మనకంత సంపద లేకపోవచ్చును. గడచిన ఏడాది ఏయే గంటలలో ఎందరు వచ్చిరో రిజిస్టరు చూచి షిఫ్టులు వేయుటకు సంపదతో పనిలేదు.

ఇక భయము. చుట్టును పదిమంది కేకలు వేయుచుండగా మందు మోతాదు లెక్క తప్పకుండుట ఆమె అదృష్టము, రోగి అదృష్టము. వైద్యసిబ్బందిపై దౌర్జన్యమునకు మూడేండ్ల వరకు జైలుశిక్ష విధించు చట్టము ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే వచ్చినది; కాని రోగి వెంట ఒక్కరినే లోనికి విడుచు కాపలాదారు లేనిచో, అది గోడమీది బోర్డుగానే మిగులును. కాంట్రాక్టు నర్సైనచో ఫిర్యాదుకే జంకును. రెన్యువల్ కాగితము పైఅధికారి చేతిలో నుండును గదా!

కనుక ప్రతి నైట్‌షిఫ్టునకు ఒక గుమాస్తాను, స్ట్రెచరు తోయుటకు ఇద్దరిని, ద్వారమువద్ద ఒక కాపలాదారును ముందు నియమించి, అటుపిమ్మట నర్సుల పనితీరును కొలుతురు గాక. ఇందులకు కొత్త భవనమును, శంకుస్థాపనయు అక్కరలేదు. సూపరింటెండెంటుకు ఆ మాత్రపు నియామకాధికారము నిచ్చు జీ.ఓ. ఒక్కటి చాలును.