గోడ కూల్చే ముందు

ఘుగ్గుస్ ఇంట్లో మధ్య గోడలు తీసేసి అంతా ఒక్క హాలు చేద్దామని, పైన రేకుల కింద లాఫ్టు కట్టి పడక వేద్దామని తమ్ముళ్ల ప్లాను. మేం ఒప్పుకోం.

ఈ లాఫ్టు ఇళ్ల ఫ్యాషన్ 1960లలో న్యూయార్క్ సోహోలో పెరిగింది. ఖాళీ పడ్డ ఫ్యాక్టరీల్లో చిత్రకారులు కాపురం పెట్టారు. ఇక్కడ గనులు ఇంకా నడుస్తున్నాయి, కిటికీ తెరిస్తే బొగ్గు దుమ్ము. మే నెలలో చంద్రపూర్ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, ఇంట్లో వేడంతా పైకే ఎక్కుతుంది. అక్కడ పిల్లల్ని పడుకోబెడతారా? మన అటకైనా, కన్నడిగుల అట్టమైనా సామాన్లకే కదా.

తాత వచ్చిన కొత్తలో ఉన్నది ఒక్కటే గది. నాయనమ్మ పాత చీర అడ్డం కట్టి, ట్రంకుపెట్టెలు పేర్చి దాన్ని రెండు చేసింది. సోకు కోసం కాదు. నైట్ షిఫ్టు దిగొచ్చిన మనిషి పగలు నిద్రపోవాలి, ఆడవాళ్లు బట్టలు మార్చుకోవాలి. ఆ చీర ఉన్న చోటే తర్వాత ఇటుక గోడ లేచింది.

వెలుతురు చాలకపోతే గోడ పైన జాలీ పెట్టండి, గుమ్మం వెడల్పు చేయండి. వచ్చే ఏడు ఇంటికి కోడలు వస్తోంది. ఆ పిల్ల తలుపేసుకునే గది ఏది? ప్లానులో సోఫాకి చోటు చూపించారు, దానికి చూపించలేదు.