పిల్ల ఒంటికి వంక పెట్టనివ్వం

మేము హైస్కూలు టీచర్లం, తల్లులం, ఇంటర్, డిగ్రీ చదువుతున్న అమ్మాయిలం. ఆంధ్రలో ఉన్నాం, తెలంగాణలో ఉన్నాం. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలు తమ ముక్కును, తొడలను, ఒంటి రంగును అసహ్యించుకుంటుంటే చూస్తూ ఊరుకోలేక ఈ ప్రణాళిక రాసుకున్నాం.

తప్పు పిల్లది కాదు. ముందు ఈ మాట మీద నిలబడతాం. "ఎప్పుడు చూసినా ఆ ఫోనే" అని కసిరి ఊరుకుంటున్నాం గానీ, ఆ ఫోనులో ఏం చూపిస్తున్నారో, ఎవరి లాభానికి చూపిస్తున్నారో అడగడం లేదు. పొట్ట తగ్గించే వ్యాయామం రీల్ ఒకటి వస్తుంది. పిల్ల ఒక్క క్షణం ఆగి చూస్తుంది. ఆ ఆగడాన్ని యాప్ గుర్తుపెట్టుకుంటుంది. ఇక అలాంటివే వరస కడతాయి: సన్నటి నడుములు, "రోజంతా నేనేం తిన్నానంటే" వీడియోలు, తెల్లబరిచే సీరమ్‌లు. పిల్ల వెతికింది ఒక్కటీ లేదు.

ఈ సంగతి కంపెనీలకు తెలుసు. 2021లో ఫ్రాన్సెస్ హాగెన్ అనే మాజీ ఉద్యోగిని ఫేస్‌బుక్ లోపలి కాగితాలు బయటపెట్టారు. తమ ఒంటి గురించి బాధపడే టీనేజీ అమ్మాయిల్లో నూటికి 32 మంది ఇన్‌స్టాగ్రామ్ వల్ల ఆ బాధ ఇంకా పెరిగిందన్నారని కంపెనీ సొంత పరిశోధకులే అందులో రాసుకున్నారు. మేలు జరిగిందన్నవాళ్లూ ఉన్నారు కదా అని కంపెనీ వాదించింది. ఉండనీండి. ముగ్గురిలో ఒకరికి వాంతులు తెప్పించే తినుబండారాన్ని మిగతా ఇద్దరికీ అరుగుతోందని బడి గేటు దగ్గర అమ్మనిస్తామా?

అయితే వేలు కంపెనీల వైపు మాత్రమే చూపించి తప్పుకోం. "ఏంటే, ఇంత నల్లబడ్డావు?" "లావయ్యావు, రేపు ఎవడు చేసుకుంటాడు?" ఈ మాటలు పిల్లకు ఇన్‌స్టాగ్రామ్ నేర్పలేదు, మనం నేర్పాం. ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ చూడండి. పిల్ల ముఖం తెల్లగా, నునుపుగా ఉంటుంది. గాజుల కింద చేతులు మాత్రం అసలు రంగులోనే ఉంటాయి, ఫొటోగ్రాఫర్‌కు అక్కడిదాకా దిద్దే తీరిక ఉండదు. తన ముఖం ఉన్నది ఉన్నట్టు నలుగురికీ చూపించడానికి పనికిరాదని ఆ పిల్లకు మొదట చెప్పింది కన్నవాళ్లే. ఆ రోజు నుంచి ఫిల్టర్ లేకుండా ఆమె స్టోరీ పెట్టకపోతే ఆశ్చర్యమేముంది? అందుకే మా ఇళ్లలో పిల్లల ఫొటోలకు రంగు మార్చనివ్వం. ఫొటోగ్రాఫర్‌కు అడ్వాన్సు ఇచ్చేటప్పుడే ఆ మాట చెబుతాం.

తిండి విషయంలో రాజీ లేదు. దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అసలే రక్తం చాలని పిల్లలు నడుము తగ్గాలని టిఫిన్ మానేస్తున్నారు. యుక్తవయసులో తుంట్ల దగ్గర, తొడల దగ్గర కొవ్వు చేరడం ఎదుగుదల, జబ్బు కాదు. ఈ సంగతిని ఆరో తరగతిలోనే, పిల్ల భయపడకముందే, బడిలో చెప్పాలి. మాలో టీచర్లుగా ఉన్నవాళ్లం చెబుతాం.

ప్రభుత్వాన్ని అడిగేవి కొన్ని ఉన్నాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల కదలికలను వెంటాడకూడదని, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు వేయకూడదని అంటోంది. ఆ సెక్షన్‌ను సడలింపులతో నీరుగార్చకుండా అమలు చేయాలి. ఒంటి తీరును, చర్మాన్ని దిద్దిన ప్రకటనల మీద ఆ ముక్క రాసితీరాలని నార్వే 2021లో చట్టం చేసింది. మనకూ అలాంటిది కావాలి. ఫోను కెమెరాలో బ్యూటీ ఫిల్టర్ దానంతటదే ఆన్ అయి ఉండకూడదు. గూగుల్ 2020లోనే తన పిక్సెల్ ఫోన్లలో దాన్ని ఆపేస్తామంది. మిగతావాళ్లకూ అది చేతకాని పనేం కాదు.

ఆస్ట్రేలియాలాగా పదహారేళ్లలోపు వాళ్లకు ఖాతాలే వద్దనమని మమ్మల్ని అడిగేవాళ్లున్నారు. మేము ఒప్పుకోం. మన ఇళ్లలో అలాంటి నిషేధం వస్తే అన్న చేతిలో ఫోను అలాగే ఉంటుంది, చెల్లి చేతిలోది మాత్రం లాక్కుంటారు. పాఠాలు, స్నేహితులు, బయటి ప్రపంచం ఆ ఫోనులోనే ఉన్న పిల్లకు అది ఇంకో శిక్ష.

మాతో చేరాలనుకునేవాళ్లు ఈ రోజే మొదలుపెట్టండి. పిల్ల కనబడగానే ఒళ్లు గురించి మాట్లాడకండి, పొగడ్తగానైనా సరే. ఏం చదువుతోందో, ఏం ఆడుతోందో, ఎవరితో గొడవ పడిందో అడగండి. ఆమె తిండి మానేస్తున్నా, తిన్నది కక్కేస్తున్నా, గదిలోంచి బయటికి రావడం మానేసినా ఆలస్యం చేయకుండా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, కాల్‌కు రూపాయి ఖర్చు కాదు.