బాకీ ఉన్నోళ్లే లెక్కలు అడుగుతున్రు!

అమెరికాల టెన్నెసీ రాష్ట్రం. దాని రాజధాని నాష్‌విల్‌ల టెన్నెసీ స్టేట్ యూనివర్సిటీ ఉన్నది. తెల్లోళ్ల కాలేజీలల్ల నల్లజాతి పిల్లలను అడుగు పెట్టనియ్యని కాలంల, 1912ల, వాళ్ల కోసం తెరిచిన సర్కారు కాలేజీ ఇది. అంతకు ముందే 1890ల కేంద్రం చట్టం చేసింది: నల్లజాతోళ్లను చేర్చుకోని రాష్ట్రం వాళ్లకు వేరే కాలేజీ పెట్టాలె, పైసలు న్యాయంగ పంచాలె అని. కాలేజీ అయితే పెట్టిన్రు. పంచుడే మరిచిన్రు.

అయినా ఈ క్యాంపస్ తల దించలె. చిన్నప్పుడు పోలియోతోని కాలికి పట్టీ కట్టుకొని నడిచిన విల్మా రుడాల్ఫ్ ఈడ కోచ్ ఎడ్ టెంపుల్ దగ్గర ఉరుకుడు సాధన చేసి, 1960 రోమ్ ఒలింపిక్స్‌ల మూడు బంగారు పతకాలు కొట్టింది. ఓప్రా విన్‌ఫ్రే సదివింది ఈడనే. హోంకమింగ్ వస్తే మన ఊరి జాతర లెక్కనే, పాత విద్యార్థులంతా తిరిగొస్తరు, ముంగట బ్యాండు మోగుతది. ఆ బ్యాండు 2023ల గ్రామీ గెలిచింది. కాలేజీ మార్చింగ్ బ్యాండుకు గ్రామీ రావుడు అదే మొదలు.

ఇగ పైసల ముచ్చట. కేంద్రం ఒక డాలర్ ఇస్తే రాష్ట్రం ఇంకో డాలర్ కలపాలె. నాక్స్‌విల్‌ల ఉన్న పెద్ద యూనివర్సిటీకి కలిపిన్రు, దీనికి ఏండ్లకేండ్లు కలపలె. ఆ బాకీ 15 కోట్ల నుంచి 54 కోట్ల డాలర్ల దాంక ఉంటదని 2021ల రాష్ట్ర చట్టసభ కమిటీయే లెక్క తేల్చింది. 2022ల బిల్డింగులకని 25 కోట్లు ఇచ్చిన్రు. 2023ల కేంద్రం ఇంకో తీరు లెక్క గట్టింది: నాక్స్‌విల్‌ల విద్యార్థికి ఇచ్చినంతనే ఈడి విద్యార్థికీ ఇస్తే, 1987 నుంచి 2020 దాంక 210 కోట్ల డాలర్లు ఎక్కువ వచ్చేవి.

బాకీ మొత్తం తీరలె గని, 2024 మార్చిల చట్టసభ యూనివర్సిటీ బోర్డునే తీసేసింది. గవర్నర్ కొత్తోళ్లను పెట్టిండు. కారణం? లెక్కలు సక్కగ లేవట.

లోపాలు లేవని అనలేం. స్కాలర్‌షిప్పులు తాహతుకు మించి ఇచ్చిన్రు. హాస్టళ్లు చాలక పిల్లలను హోటళ్లల్ల ఉంచిన్రు. కానీ హాస్టళ్లు ఎందుకు చాలలే? కట్టే పైసలు దశాబ్దాలు ఎవరు ఆపిన్రు?

2025ల యూనివర్సిటీ నడవనీకి 9.6 కోట్ల డాలర్లు వాడుకొమ్మన్నరు. అవి కొత్తవి కావు, బిల్డింగులకు ఇచ్చిన ఆ 25 కోట్లల్లయే. ఈ జేబుల నుంచి తీసి ఆ జేబుల పెట్టుడన్నట్టు.

లెక్క అడుగుడు తప్పు కాదు. తప్పు చేసినోళ్లను దించుడు కూడ తప్పు కాదు. కానీ మూడేండ్ల లెక్కలకు బోర్డు పోయింది సరే, యాభై ఏండ్ల బాకీకి ఎవరి కుర్చీ పోయింది?