అంచు జాలి మాట కాదు

మొన్న ఒక సెమినార్‌లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా 'అంచులకు నెట్టబడిన జీవితాలు' అన్న మాటే. నా పేపర్లోనూ నాలుగుసార్లు ఉంది. ఇంటికొచ్చి నాయనమ్మకి చెప్తే నవ్వింది. "అంచు తేలికదా? అంచు పోతే గుడ్డేముందిరా!"

మాది మాల నేతగాళ్ల ఇల్లు. తాత గుంటమగ్గం మీద ముతక పంచెలు, దుప్పట్లు నేసేవాడు. నాయనమ్మ కండెలు చుట్టేది. కొత్తగా మగ్గమెక్కినవాళ్లకి ముందు చెడేది అంచే అంటుందామె. నాడె అటు పోయి ఇటు వస్తుంటే పేక మలుపు తిరిగేది అక్కడే. పేకని బిగలాగితే గుడ్డ వెడల్పు తగ్గిపోతుంది, చివరి పడుగు పోగులు అచ్చుకి ఒరుసుకుని తెగుతాయి. వదులిస్తే అంచు పొడుగునా ఉచ్చులు వేలాడతాయి. అందుకే పేకని కాస్త ఏటవాలుగా పరిచి, అప్పుడు అచ్చుతో కొట్టాలి. అంచు పోగుల్ని జంటలుగా ఎక్కించాలి. రెండు కొసలా సూదిమొనలున్న బద్దని గుడ్డకి అడ్డంగా గుచ్చి, నేసేకొద్దీ ముందుకు జరుపుకోవాలి.

నూలు నాసిదైతే ఎంత ఒడుపున్నా ముందు తెగేది అంచు పోగులే. ఒకసారి అంచు వంకరని షావుకారు తాత కూలిలో సగం కోశాడు. ఆ నూలిచ్చింది ఆయనే. అదే మాట తాత అంటే, "మాలోడికి మాటలెక్కువయ్యాయి" అన్నాడట. నాయనమ్మ అది ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇన్నేళ్ల చదువులో నాకు ఈ సంగతి ఎక్కడా కనబడలేదు. మన వ్యాసాల్లో దళితుడికి బాధ ఉంటుంది, పనితనం ఉండదు. 2015 నుంచి ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ వేదికల మీద మాల నేత ఊసు నేనైతే వినలేదు. తెలంగాణ ఎస్సీ జాబితాలో 'నేతకాని' కులం ఉంది. పేరులోనే నేత ఉన్నా, నేతగాడంటే మనకు వాళ్లు గుర్తురారు.

అలాగని 'అంచే గొప్పది' అని మురిసిపోదామా? అదీ మోసమే. లాగుడంతా అంచు మీదే పడుతుందని తెలుసు కాబట్టి నేతగాడు అక్కడ రెండు పోగులు వేస్తాడు. ఊరు వాడని చివరికి తోసింది, బరువంతా మన మీద వేసింది, ఒక్క పోగూ అదనంగా ఇవ్వలేదు. రిజర్వేషన్ అడిగితే దయ అడిగినట్టు మాట్లాడేవాళ్లకి ఈ మగ్గం లెక్క చెప్పండి. లాగుడు ఎక్కడుంటే పోగులు అక్కడ జంట కావాలి. అది దయ కాదు, గుడ్డ నిలవడానికి చేసే పని.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, థీసిస్ మొదలుపెట్టే ముందు ఒకసారి ఇంటికి వెళ్లండి. మగ్గం, డప్పు, చెప్పు, కొడవలి, మీ ఇంట్లో ఏ పని ఉంటే ఆ పని ఎట్లా నడుస్తుందో అవ్వాతాతల్ని అడిగి వాళ్ల మాటల్లోనే రాసుకోండి. మా నాయనమ్మకి ఎనభై దాటాయి. నేనే ఆలస్యంగా అడిగాను.

జై భీమ్.