స్ప్రింగులు పీకేసేవాళ్ళకో దణ్ణం

అంబాసిడర్ సీట్లు చిరిగాయంటే చాలు, అందరూ చెప్పే సలహా ఒకటే: "ఆ పాత స్ప్రింగులు పీకి పారెయ్యండి సార్, స్పాంజి దిమ్మ పెట్టి మెరిసే రెక్సిన్ తొడిగేద్దాం." దీనికి పేరు రీస్టోరేషనట! పాత కోడు చదవడానికి బద్ధకించి, మొత్తం చెరిపేసి కొత్తగా రాస్తాననే కుర్ర ప్రోగ్రామర్ వరస ఇది.

అసలు ఆ సీటు విప్పి చూశారా? అడుగున స్ప్రింగులు, వాటి మీద గోనెపట్టా, ఆపైన మెత్త, చివర్న రెక్సిన్. గోనె ఉన్నది తీగలు మెత్తలోకి దిగకుండా. అది తీసేసి స్పాంజి పరిస్తే, స్ప్రింగులు దాన్ని కోసుకుంటూ పైకొస్తాయి. తిట్లు మాత్రం పాత కారుకి!

ఉత్తర్‌పారాలో ఈ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. చట్రం పాత ఇనుము కొట్టుకి పోయిందంటే పోయినట్టే.

ఇంట్లోనే చేసుకోవచ్చండీ. పాత కవరు కుట్లు మెల్లగా విప్పండి, ఆ ముక్కలే మీ కొలతలు. తుప్పు గీకి రంగెయ్యండి. విరిగిన స్ప్రింగు ఒక్కటే మార్చండి. గోనె కొత్తది వెయ్యండి. రెక్సిన్ని కాసేపు ఎండలో పెట్టి, మధ్యలోంచి అంచులకి లాగుతూ బిగించండి. నాలుగు ఆదివారాలు పడితే పట్టనివ్వండి.

అంత ఓపిక లేదా? కొత్త కారు కొనుక్కోండి, ఎవరొద్దన్నారు? లోపలున్నదంతా పీకేసి, పాత కారుని బతికించానని మాత్రం చెప్పుకోకండి.