స్టీలు గిన్నెకు ఆడే బేరం కారుకెందుకు ఆడం?

పాత చీరలు తీసుకుని స్టీలు సామాన్లిచ్చే ఆమె వీధిలోకి వస్తే మన బేరం చూడాలి! మూడు చీరలకు గిన్నె అంటుంది. రెండే ఇస్తాం, పైన మూత కూడా వెయ్యమంటాం. జరీ చీరను విడిగా పక్కన పెడతాం. బంగారం కొట్లో పాత గాజులు మార్చినా అంతే. తరుగెంత, మజూరీ ఎంత అని విడివిడిగా అడుగుతాం. మరి లక్షల ఖరీదు చేసే కారు మార్చేటప్పుడు మాత్రం 'ఆయన చూసుకుంటార్లే' అని సోఫాలో కూర్చుని కూల్‌డ్రింకు తాగి వచ్చేస్తాం. ఇదేం న్యాయం?

కాశీబుగ్గలో ఉద్యోగం చేసుకుంటూ వాయిదాలు కట్టి కొనుక్కున్న చిన్న కారు నాది. ఆర్సీ కూడా నా పేరునే ఉంది. దాన్ని ఇచ్చి కొత్తది తీసుకుందామని ఈమధ్య ఒక షోరూంకి వెళ్లాం. సేల్స్ కుర్రాడు పాత కారు సంగతి మావారినే అడిగాడు. కొత్త కారు ధరా మావారికే చెప్పాడు. నన్ను అడిగింది ఒక్కటే: "మేడం, ఏ రంగు నచ్చింది?"

తర్వాత వంకలు మొదలయ్యాయి. ఉద్దానం బండి కదా, ఉప్పుగాలికి అడుగు తుప్పు పట్టి ఉంటుందన్నాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు నీళ్లలో నానిందేమోనన్నాడు. "బండి పైకి లేపి చూసి చెప్పు బాబూ" అన్నాను. చూశాక తుప్పు మాట మానేశాడు గానీ ధర పెంచలేదు. లక్షా 60 వేలు, పైన ఎక్స్ఛేంజి బోనస్ 25 వేలు అన్నాడు, అదేదో వరమిచ్చినట్టు. అదే కారుకు టెక్కలిలో పాత బండ్లు కొనే ఆయన లక్షా 95 వేలిస్తానన్నాడు. అంటే బోనస్ కలిపినా మనకు 10 వేలు తక్కువే!

కిటుకు ఇక్కడే ఉంది. ఎక్స్ఛేంజిలో ఉన్నవి రెండు బేరాలు. పాతది అమ్ముతున్నాం, కొత్తది కొంటున్నాం. వాళ్లేమో రెండూ కలిపేసి 'మీరు ఇంత కడితే చాలు' అంటారు. లేదంటే నెలవాయిదా ఎంతో చెప్పి ఊరుకుంటారు. పలాస జీడి పరిశ్రమల్లో పప్పు ఏరే ఆడవాళ్లను చూడండి. గుండు, బద్ద, ముక్క వేటికవి వేరు చేస్తారు. కలిపేస్తే గుండు కూడా ముక్క ధరకే పోతుంది మరి. అలాగే పాత కారు ధర, కొత్త కారు ధర, తగ్గింపు, బీమా ఒక్కోటీ ఒక్కో వరసలో కాగితం మీద రాయించుకోవాలి.

బీమాలో ఇంకో సంగతి. వరసగా ఐదేళ్లు క్లెయిము చెయ్యకపోతే, సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గుతుంది. ఈ నో క్లెయిమ్ బోనస్ కారుతో పోదు, యజమానితోనే ఉంటుంది. బీమా కంపెనీ నుంచి ఉత్తరం తీసుకుంటే కొత్త కారుకి వాడుకోవచ్చు. అడక్కపోతే చాలాచోట్ల చెప్పరు.

డబ్బు సంగతి అలా ఉంచండి. నన్ను భయపెట్టింది మరొకటి. నింపని ఫారాల మీద సంతకం పెట్టమన్నాడా కుర్రాడు. "పేరు మార్పు కొన్నవాళ్లు చూసుకుంటారండీ" అన్నాడు. నేను పెట్టలేదు. 2007లో ఒకాయన అమ్మేసిన కారు, చేతులు మారి 2009లో ప్రమాదం చేసింది. రికార్డుల్లో పేరు మారలేదు గనక పరిహారం ఆ మొదటి యజమానే కట్టాలని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. మనం ఇచ్చేసిన బండి ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో ఎవర్నో గుద్దితే, నోటీసు మన గుమ్మంలోకే వస్తుందన్నమాట!

2023 ఏప్రిల్ నుంచి కేంద్రం కొత్త నిబంధనలు అమల్లోకి తెచ్చింది. రవాణా శాఖ అధికార పత్రం ఉన్న డీలరుకు బండి అప్పగించి, ఫారం 29-సి ఆన్‌లైన్లో పంపితే, అప్పట్నుంచి ఆ బండి బాధ్యత డీలరుదే. కాబట్టి 'మీకు ఆ పత్రం ఉందా?' అని ముందే అడగాలి. లేదంటే ఫారం 29, 30ల్లో కొనేవాళ్ల పేరు నింపాకే సంతకం పెట్టాలి. అప్పగించిన తేదీ, టైము రాసిన రసీదు దాచుకోవాలి. ఆర్సీలో పేరు మారేదాకా వదలకూడదు.

టెక్కలి ధర చెప్పాక మా కారు లక్షా 85 వేలకు వెళ్లింది, బోనస్ విడిగా. "దీనికోసం ఇంత సాగదీయాలా?" అన్నారు మావారు. 80 కిలోల జీడిపిక్కల బస్తా దగ్గర వంద రూపాయల కోసం పూటంతా వాదించే రైతుల ఇళ్లల్లో పుట్టినవాళ్లం, మనకిది సాగదీయడమా?

చాలా ఇళ్లల్లో బండి ఆడవాళ్ల పేరునే ఉంటుంది. బేరానికి అక్కర్లేని మనిషి సంతకానికి మాత్రం కావాలి! రేపు కోర్టు పిలిస్తే వెళ్లాల్సిందీ ఆమే. అందుకే ఈసారి షోరూంకి వెళ్తే సోఫా వదిలి మేనేజరు ఎదుటి కుర్చీలో కూర్చోండి. ముందు లెక్క, తర్వాత కాగితం. రంగు సంగతి చివర్లో చెబుదాం. ఏమంటారు?